నలుగురూ నాలుగు మాటలు చెప్పారు, ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: అన్నయ్యగారూ, నమస్తే. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. వయసు 24. పది తెలుగు మీడియంలో, బీకాం మా ఊళ్లోనే చదివాను. నాన్నకి చిన్న టైలరింగ్ షాపు ఉంది, చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. ఒక పార్శిల్ డెలివరీ కంపెనీ హబ్‌లో, అంటే ప్యాకెట్లు దింపి, విడదీసి, పంచడానికి పంపే చోట, మనుషులు కావాలంటే వెళ్లి మాట్లాడాను. రెండు పనులున్నాయట. ఒకటి హబ్ లోపల, మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ ద్వారా, నెలకి చేతికి 12,500. రెండోది రైడర్ పని. సొంత బండి, ఇచ్చిన ప్యాకెట్‌కి 14 రూపాయలు. 'నెలకి పాతిక వేలు ఎక్కడికీ పోవు' అంటున్నారు. నాన్న ఫైనాన్స్‌లో కొత్త బండి తీసిస్తానన్నారు. అమ్మకి బండంటేనే భయం. అక్కడ పనిచేసిన నలుగుర్ని అడిగాను. ఒకాయన బంగారం లాంటి ఉద్యోగం అన్నారు. ఒకతను పర్వాలేదన్నాడు. మూడో అతను 'డబ్బు బాగుంది, మనిషే మిగలడు' అన్నాడు. నాలుగో అతను హబ్‌లో క్యాష్ చూసి మానేశాడు, 'కల్లో కూడా రావద్దు' అన్నాడు. అతనికి ఆఖరి నెల జీతం కూడా రాలేదట. నెట్‌లో చూస్తే ఉద్యోగులు ఇచ్చిన స్టార్లు 3.8. ఎవరిని నమ్మాలి?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, నలుగురూ నిజమే చెప్పారు. ఒకే గేట్లోంచి లోపలికి వెళ్తారు గాని, వాళ్లు చేసే ఉద్యోగాలు వేరు. బంగారం అన్నాయన ఎవరో నువ్వు రాయలేదు. ఏజెన్సీ లేకుండా నేరుగా కంపెనీ రోల్స్‌లో ఉన్న హబ్ ఇన్‌చార్జ్ అయి ఉంటాడని నా అనుమానం. పర్వాలేదన్నతను ఏజెన్సీ జీతం మీద లోపల స్కానింగ్ చేస్తూ ఉంటాడు. మనిషి మిగలడన్నవాడు రైడరే, అందులో సందేహం లేదు. అదీ దసరా, దీపావళి సేల్ రోజుల్లో నీకు కనబడి ఉంటాడు. ఆ నెల వాడి చేతిలో డబ్బు ఉంటుంది, ఒంట్లో ఓపిక ఉండదు. నాలుగో అతని సంగతి చివర్లో చెబుతాను, అతనితో పనుంది.

పదిహేడేళ్లు నేను ఈ పనిలోనే ఉన్నాను. బరంపురంలో సైకిలు మీద కవర్లు పంచుతూ మొదలుపెట్టి, రాయగడలో ఒక హబ్ చూసుకునేదాకా వచ్చాను. ఏ కంపెనీ అని అడగకు, ఇప్పుడు ఆ బోర్డు కూడా లేదు. 'ఉద్యోగం ఎలా ఉంది' అని అడిగితే మనుషులు ఆ పూట మూడ్‌ని బట్టి చెబుతారు. పొద్దున్న లోడ్ తక్కువ వస్తే బంగారం, సాయంత్రం క్యాష్ తేడా వస్తే నరకం. అందుకని అలా అడగకు. 'పోయిన నెల నీ అకౌంట్‌లో ఎంత పడింది, అందులో కోత ఎంత, దేనికి కోశారు' అని అడుగు. ఒక నెల కాదు, మూడు నెలల బ్యాంకు మెసేజీలు చూపించమను. చూపించడానికి మొహమాటపడితే టీ ఇప్పించి మళ్లీ అడుగు.

ఆ 3.8 స్టార్ల సంగతి కూడా చెప్పేస్తాను. మా రోజుల్లో స్టార్లు లేవు గాని, ఇప్పుడు ఎవరు రాస్తున్నారో చూస్తూనే ఉన్నాను. చేరి రెండు నెలలైనవాడు ఉత్సాహంగా రాస్తాడు. మానేసినవాడు కోపంగా రాస్తాడు. ఐదేళ్లుగా రోజూ గుమ్మ ఊరి కొండదారి ఎక్కి దిగుతున్నవాడికి స్టార్లు ఇచ్చే తీరిక ఎక్కడిది? పైగా పెద్ద ఊళ్లో ఏసీ గదిలో కూర్చుని కోడింగ్ చేసే అమ్మాయి ఇచ్చిన స్టారూ, మీ ఊళ్లో సంచి మోసే కుర్రాడు ఇచ్చిన స్టారూ ఒకే లెక్కలో కలిసిపోతాయి.

ఈ తేడా మన దగ్గరే కాదు. అమెరికాలో యూపీఎస్ అనే పార్శిల్ కంపెనీ ఉంది, 1907 నాటిది. 1997 ఆగస్టులో అక్కడ 1,85,000 మంది కార్మికులు 15 రోజులు సమ్మె చేశారు. జీతం సంగతి ఉంది గాని, అసలు గొడవ పార్ట్‌టైం వాళ్ల గురించి. పక్కపక్కన నిలబడి అవే పెట్టెలు ఎత్తుతుంటే ఒకడికి పూర్తి ఉద్యోగం, ఇంకొకడికి సగం ఉద్యోగం. సమ్మె తర్వాత 10,000 పూర్తికాలపు ఉద్యోగాలు ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఆ సమ్మెకి ముందు అక్కడ ఎవరైనా నలుగుర్ని అడిగి ఉంటే, వాళ్లకీ నీలాగే నాలుగు జవాబులు వచ్చేవి.

సరే, నీ లెక్కలోకి వద్దాం. బీకాం చదివావు కాబట్టి కాగితం తీసి నాతోపాటు వెయ్యి.

రోజుకి 70 ప్యాకెట్లు ఇచ్చావనుకో. 70 పద్నాలుగులు 980. నెలకి 26 రోజులు, మొత్తం 25,480. వాళ్లు చెప్పిన పాతిక వేలు ఇదే. అబద్ధం కాదు. ఇప్పుడు ఖర్చు. పర్లా ఊళ్లో ఒక సందు, తర్వాత కాశీనగరం వైపో గారబంధ వైపో ఒక రౌండు, అన్నీ కలిపి 90 కిలోమీటర్లు అనుకుందాం. వెనక బ్యాగు బరువుతో, సందుసందుకీ ఆపుతూ వెళ్లే బండి లీటరుకి 45 ఇస్తే గొప్ప. రెండు లీటర్లు, రోజుకి రెండొందల పైమాట, నెలకి 5,300. ఆయిలు, చైను, బ్రేకు షూ, పంక్చర్లు, టైరు కోసం పక్కన పెట్టాల్సింది, అన్నీ కలిపి 1,500. కొత్త బండి కంతు 3,200 అనుకో. మిగిలింది 15,480.

ఇది మంచి నెల. ఆషాఢంలోనో, సేల్ అయిపోయిన తర్వాత నెలలోనో రోజుకి 45 ప్యాకెట్లే వచ్చాయనుకో. 630 రూపాయలు, నెలకి 16,380. పెట్రోలు తగ్గుతుందా? తగ్గదు. ప్యాకెట్లు తగ్గినా ఊళ్లు తగ్గవు కదా. కాశీనగరంలో ఇరవై మందికి బదులు పదిమంది తెప్పించుకున్నా నువ్వు కాశీనగరం దాకా వెళ్లాల్సిందే. ఖర్చు అదే పది వేలు. మిగిలింది 6,380. బండి కంతు లేకపోతే 9,580. జ్వరం వచ్చిన రోజు సున్నా. చెల్లి పెళ్లికి సెలవు పెట్టిన వారం సున్నా.

ఇంకోటి. డబ్బు 'తీసుకెళ్లిన' ప్యాకెట్‌కి కాదు, 'ఇచ్చిన' ప్యాకెట్‌కి. పొద్దున్న 70 స్కాన్ చేసి సంచిలో వేసుకుంటే సాయంత్రానికి పది పదిహేను వెనక్కి రావడం మామూలే. 'ఆయన డ్యూటీ నుంచి వచ్చాక రండి', 'నేను ఆర్డరే పెట్టలేదు, మా అబ్బాయి పెట్టాడు', 'క్యాష్ లేదు, రేపు రండి'. మోసిన పెట్రోలు నీది, వెనక్కొచ్చిన ప్యాకెట్‌కి రూపాయి లేదు. అందుకని వాళ్లని అడగాల్సింది 'రోజుకి ఎన్ని వస్తాయి' అని కాదు. 'ఈ రూట్‌లో పోయిన నెల రోజుకి ఎన్ని డెలివరీ అయ్యాయి' అని. హబ్ కంప్యూటర్‌లో ఆ అంకె ఉంటుంది. చెప్పకపోతే, ఎందుకు చెప్పడం లేదో నీకే అర్థమవుతుంది.

అందుకని మొదటి మాట, మీ నాన్నగారితో చెప్పు. ఈ పని కోసం ఫైనాన్స్‌లో బండి వద్దు. ఇంట్లో పాత బండి ఉంటే అది వేరే సంగతి. కంతు నెల తప్పకుండా వస్తుంది, ప్యాకెట్లు రావు.

బండి గురించి మాట్లాడుతున్నాం కాబట్టి, రైడర్లలో నూటికి తొంభై మంది చూడనిది ఒకటి చెబుతాను. మనం మామూలుగా చేయించే టూవీలర్ ఇన్సూరెన్స్ కాగితం వెనక 'వాడకం మీద పరిమితులు' అని చిన్నక్షరాల్లో ఉంటుంది. అద్దెకి తిప్పడానికి, సరుకు మోయడానికి ఆ పాలసీ వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. డెలివరీ బ్యాగుతో ఉండగా బండి దెబ్బతింటే ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు అక్కడ వేలు పెట్టి చూపిస్తారు. చేరేముందు ఇన్సూరెన్స్ ఏజెంటుతో ఈ మాట తేల్చుకోవాలి. అమ్మ భయం ఉట్టి భయం కాదు తమ్ముడూ.

ఇక ఉద్యోగులు ఎక్కువగా దేని గురించి గొణుగుతారో చెబుతాను. బరువు గురించి కాదు. ఎండ గురించీ అంతగా కాదు. కుక్కల గురించి నవ్వుతూ చెప్పుకుంటారు. అసలు కడుపుమంట రెండింటి మీద. ఒకటి క్యాష్, రెండోది రిమార్క్.

క్యాష్ అంటే ఇలా ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటలు. హబ్‌లో ట్యూబ్‌లైటు కింద ఇనుప బల్ల. ఐదుగురు రైడర్లు చుట్టూ నిలబడి ఉంటారు, చొక్కాలు వీపుకి అతుక్కుపోయి. ఒక్కొక్కడూ బెల్టు సంచి విప్పి బల్ల మీద బోర్లిస్తాడు. చెమటకి తడిసిన పదులు, మడతపెట్టిన ఐదొందలు, ఎవరో అతికించి ఇచ్చిన ఇరవై కాగితం, చిల్లర. క్యాష్ చూసేవాడు నోట్లు విడదీసి లెక్కపెడుతుంటాడు, వెనక నుంచి 'తొందరగా భాయ్, ఇంటికెళ్లాలి' అంటుంటారు. రన్‌షీట్, అంటే ఆ రోజు ప్యాకెట్ల జాబితా ప్రకారం 18,740 రావాలి. 18,240 ఉంది. ఐదొందలు తక్కువ. రైడర్ జేబులన్నీ తిప్పి చూసుకుంటాడు. పొద్దున్న నుంచి ఎవరెవరి దగ్గర ఎంత తీసుకున్నాడో ఒక్కో ఇల్లూ గుర్తు చేసుకుంటాడు. ఎవరో రెండు ఐదొందలకి బదులు ఒకటి ఇచ్చి ఉంటారు, వీడు హడావుడిలో చూసుకోలేదు. 'షార్టేజ్ రాయి' అంటాడు ఇన్‌చార్జ్. అంతే. ఆ రోజు సంపాదనలో సగం పైగా పోయింది. ఆ మొహం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రాసినవాణ్ణి కూడా నేనే.

దీనికి మందు పెద్దదేం కాదు. గుమ్మం దగ్గరే, కస్టమర్ కళ్లముందే రెండుసార్లు లెక్కపెట్టాలి. 'నమ్మకం లేదా బాబూ' అని అడిగితే నవ్వి ఊరుకోవాలి. వీలైతే క్యూఆర్ చూపించి ఫోన్ పేమెంట్ చేయించాలి. అయితే మన కొండ ఊళ్లలో సిగ్నల్ ఉంటే ఓటీపీ రాదు, ఓటీపీ వస్తే పేమెంట్ పడదు. అది వేరే కథ.

రిమార్క్ అంటే, ప్యాకెట్ ఇవ్వలేకపోతే యాప్‌లో కొట్టే కారణం. 'డోర్ లాక్', 'కస్టమర్ అందుబాటులో లేరు', 'తేదీ మార్చమన్నారు'. సాయంత్రం ఆరైంది, వాన పడుతోంది, ఇంకా తొమ్మిది ప్యాకెట్లు కొండ మీద ఊరివి. వెళ్తే రాత్రి తొమ్మిదవుతుంది. పైనుంచి ఫోన్. 'పెండింగ్ సున్నా కావాలి, అటెంప్ట్ చూపించు.' రైడర్ అక్కడికి వెళ్లకుండానే 'డోర్ లాక్' కొడతాడు. ఆ ఇంటాయన రోజంతా అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తుంటాడు. మెసేజ్ చూసి కంప్లైంట్ పెడతాడు. ఫైన్ ఎవరికి? రైడర్‌కి. కొట్టమన్నవాడి మాట ఎక్కడా రికార్డు కాదు. రాయగడలో ఉండగా నేనూ అలా కొట్టమన్నాను. పైవాళ్ల ఒత్తిడి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గాని, ఒకసారి ఒక కుర్రాడికి మూడు రోజుల కూలి కోతపడ్డాక నా దగ్గరికి వచ్చి ఏం మాట్లాడకుండా నిలబడ్డాడు. నేను తలెత్తలేకపోయాను. నీకు అలాంటి ఫోన్ వస్తే 'మెసేజ్‌లో పెట్టండి సార్, చేస్తాను' అను. తొంభై శాతం మంది పెట్టరు, నీ మీద కూడా పడదు.

రిటర్న్ పికప్‌లు కూడా ఇలాంటివే. కొత్త చెప్పులు తెప్పించుకుని పాత చెప్పులు పెట్టెలో పెట్టి వెనక్కిచ్చేవాళ్లుంటారు. పెట్టె విప్పి, లోపలిది ఫోటో తీసి, అప్పుడే స్కాన్ చెయ్యాలి. లేదంటే ఆ చెప్పుల డబ్బు నీ జీతంలోంచి పోతుంది.

మరి ఇన్ని ఉన్నా జనం ఎందుకు చేస్తున్నారు? నిజంగా ఇష్టపడి చేసేవాళ్లు కూడా ఉన్నారు. నెత్తిన ఎవడూ కూర్చోడు. లోడ్ తక్కువైతే మూడింటికల్లా ఇంటికొచ్చి పడుకోవచ్చు. ఊరంతా పేరుపెట్టి పిలుస్తుంది, పండగకి ఎవరో ఒకరు పొట్లం కట్టి చేతిలో పెడతారు. పొలం పనో షాపు పనో చూసుకుంటూ పక్కన ఇది చేసేవాళ్లకి బాగానే గిట్టుబాటవుతుంది. నీ మూడో అతను కూడా ఏడాది పొడుగునా ఏడవడు, చూస్తూ ఉండు.

మీ ప్రాంతంలో నీకున్న బలం ఒకటుంది, చుట్టూ ఉన్న భాషలు. దాన్ని నువ్వు గుర్తించినట్టు లేదు. పిన్‌కోడ్‌లు 1972లో పెట్టినప్పుడు మీ పర్లాకి 761200 ఇచ్చారు, ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్న పాతపట్నం చిక్కోలు (శ్రీకాకుళం) జిల్లాలో 532213. మొదటి అంకే వేరు, 7 ఒక జోన్, 5 ఇంకో జోన్. పాతపట్నంలో మేనత్తకి ఇవ్వాల్సిన ప్యాకెట్ నీ కళ్లముందే ఇంకో రాష్ట్రం హబ్ నుంచి తిరిగి వస్తుంది, నువ్వు ముట్టుకోవడానికి లేదు. ఆ గీత గీసినవాళ్లకి తెలియనిది ఏంటంటే, ఒక వీధిలో ఒడియా, పక్క వీధిలో తెలుగు, కొండెక్కితే సవర అనే గిరిజన భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లో బడిపంతులుగా ఉంటూనే సవర నేర్చుకున్నారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పాఠాలు చెప్పడానికి నేర్చుకున్నారు, నువ్వు 'రామాలయం వెనక మర్రిచెట్టు దగ్గర కొత్త ఇల్లు' అనే అడ్రసు పట్టుకోవడానికి నేర్చుకో. బయటినుంచి వచ్చిన ఇన్‌చార్జ్‌కి ఫోన్లో ఆ భాషల్లో నాలుగు మాటలు మాట్లాడి ప్యాకెట్ వెనక్కి రాకుండా చూసేవాడు కావాలి. కస్టమర్ కాల్స్ చూసుకునే పని నీకివ్వమని హబ్‌లో అడుగు, నష్టమేం లేదు.

ఇక నీ ప్రశ్నకి సూటిగా నా సలహా. హబ్ లోపలి పనిలో చేరు. రైడర్ పని ఇప్పుడు వద్దు.

12,500 తక్కువే, కాదనను. కానీ మందకొడి నెలలో రైడర్‌కి మిగిలే దానికంటే ఎక్కువ. చెల్లి పెళ్లి ఉన్న ఇంట్లో నెలనెలా ఇంత వస్తుందని తెలియడం కావాలి. లోపల ఉంటే ఏ రూట్‌లో ఎన్ని ప్యాకెట్లు, ఎన్ని వెనక్కొస్తున్నాయి, ఎవరికి ఎంత పడుతోంది, అంతా నీ కళ్లముందే ఉంటుంది. ఏడాది తర్వాత రైడర్ పని లాభమనిపిస్తే అప్పుడు పాత బండి ఒకటి కొనుక్కో. అప్పటికి ఏ రూట్ అడగాలో కూడా తెలుస్తుంది. తెల్లవారుజామున బరంపురం బండి వస్తుంది, అప్పుడు అన్‌లోడ్ చెయ్యాలి. నిద్ర పాడవుతుంది, అది మాత్రం ముందే చెబుతున్నా.

కాకపోతే చేరేముందు కొన్ని తేల్చుకో. 'చేతికి 12,500' అంటే పీఎఫ్ కోశాకా, కోయకముందా? పీఎఫ్‌లో నీ వాటా 12 శాతం, కంపెనీ వాటా కూడా అంతే. కొన్ని ఏజెన్సీలు రెండు వాటాలూ నీ జీతంలోంచే లాగి 'మొత్తం ప్యాకేజీ' అని చూపిస్తాయి. యూఏఎన్, అంటే నీ పీఎఫ్ నంబరు అడుగు, రెండో నెల పాస్‌బుక్‌లో పడిందా చూసుకో. పీఎఫ్ ఉంటే దానితోపాటు బీమా ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంటివాళ్లకి 7 లక్షల దాకా వస్తుంది. ఈ మాట అమ్మకి చెప్పకు, నాన్నకి చెప్పు. జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకిచ్చే వైద్య బీమా వస్తుందేమో అడుగు. వస్తే నీ వాటా 0.75 శాతమే, 12,500 మీద వంద రూపాయల లోపు. అయితే కార్డు ఒక్కటే ఉంటే చాలదు, వైద్యం ఎక్కడ చేస్తారో కూడా అడుగు. బరంపురం పరిగెత్తాలంటే జ్వరానికి ఎవడు వెళ్తాడు?

అపాయింట్‌మెంట్ కాగితం మీద ఏజెన్సీ పేరు, నీ పని పేరు ఉండాలి. 'హెల్పర్' అని రాసి క్యాష్ కౌంటర్‌లో కూర్చోబెడితే ఒప్పుకోకు. కూర్చోబెట్టారంటే ప్రతి రాత్రి క్యాష్ లెక్క సరిచూసిన టాలీ షీట్ మీద నీదీ, రైడర్‌దీ, ఇన్‌చార్జ్‌దీ సంతకాలుండాలి. దాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకో.

ఎప్పటికైనా రైడర్ పనిలోకి వెళ్తే ఈ-శ్రమ్ అనే కేంద్ర ప్రభుత్వ కార్మికుల పోర్టల్‌లో పేరు ఎక్కించుకో, డబ్బేమీ అక్కర్లేదు. ఇలాంటి పనివాళ్లని 'గిగ్ వర్కర్' అని చట్టంలో మొదటిసారి రాసింది సామాజిక భద్రత కోడ్ అనే కేంద్ర చట్టంలో, అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వీళ్ల నిధికి కట్టాలని అందులో ఉంది. అది నీ జేబుదాకా ఎప్పుడు వస్తుందోనని కూర్చోకుండా, బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టెయ్. ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఒక ప్లేటు ఇడ్లీ ఖర్చు.

పక్క దారి ఒకటి కూడా చెప్పనీ. పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలు పడుతుంటాయి. పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులే చూస్తారు, వయసు 18 నుంచి 40. సైకిల్ తొక్కడం రావాలని కూడా అడుగుతారు. చిక్కల్లా ఒక్కటే. ఆ రాష్ట్రం భాష పదోతరగతి దాకా చదివి ఉండాలి. నువ్వు తెలుగు మీడియం అన్నావు. మెమోలో ఒడియా సబ్జెక్టుగా ఉందో లేదో చూసుకో. లేకపోతే పోస్టల్ శాఖ ఒడిశా సర్కిల్ కుదరదు, ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కి పెట్టు. సరిహద్దులో పుట్టినందుకు మన పిల్లలకి రెండు పక్కలా తలుపులుంటాయి గాని, ఏ తలుపు దగ్గర ఏ భాష అడుగుతారో తెలియక రెండూ పోగొట్టుకుంటారు. అది కూడా డెలివరీ పనే కదా, ఆ జీతం మాత్రం ప్యాకెట్ల లెక్కన రాదు.

ఇప్పుడు నీ నాలుగో అతను. అందరికంటే విలువైన సాక్షి అతనే. ఎందుకంటే నువ్వు చేరబోయేది అతను వదిలేసిన ఏజెన్సీలోనే. 'కల్లో కూడా రావద్దు' అన్నదాన్ని పక్కన పెట్టు, కోపంలో అన్నమాట. అతను ఎంత షార్టేజ్ కింద పోగొట్టుకున్నాడు, దానికి కాగితం ఇచ్చారా, ఏం జరిగిందో చెప్పుకోమని అడిగారా, అవి అడుగు. డబ్బు లెక్కలో తేడా వస్తే అది ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే వచ్చిందని తేలితేనే కొయ్యాలి, కోసేముందు అతని సంజాయిషీ వినాలి. జీతాల కోడ్ అనే కొత్త చట్టంలో ఆ మాట ఉంది, జీతాల చెల్లింపు మీద పాత 1936 చట్టంలోనూ ఉండేది. మానేసినవాడికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలని కూడా ఉంది.

చేరేముందు ఏజెన్సీవాళ్లని ఇతని పేరు చెప్పకుండా అడుగు. 'మానేసినవాళ్లకి ఫైనల్ సెటిల్‌మెంట్ ఎన్నాళ్లకి ఇస్తారు' అని. తడబడితే నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. అప్పుడు మరో ఏజెన్సీ కోసం ఆగు. నాన్న షాపులో కాజాలు కుట్టుకుంటూ ఆరు నెలలు ఆగినా కొంప మునగదు.

ఆ అబ్బాయిని మాత్రం వదిలెయ్యకు. బ్యాంకు స్టేట్‌మెంటు, ఐడీ కార్డు, వాట్సాప్‌లో ఇన్‌చార్జ్‌తో మాట్లాడిన మెసేజీలు పట్టుకుని పర్లాలోనే జిల్లా లేబర్ ఆఫీసుకి ఇద్దరూ వెళ్లండి. అర్జీ ఒడియాలో రాయాల్సి వస్తే ఎవరిచేతైనా రాయించండి, లెక్క మాత్రం నువ్వే వెయ్యి. రోజువారీ జీతం ఎంత, ఎన్ని రోజులు, కోత పోను ఎంత రావాలి, ఒక పేజీలో. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకో.